అత్తయ్యకు రావలసిన పూనకం

మా అత్తయ్య రాజ్యలక్ష్మికి సమాధి స్థితి అంటే ఏమిటో ఒక్కసారైనా చవిచూడాలని చాలా ఏళ్ళుగా కోరిక. నరసరావుపేటలో మా వీధిలో ఆవిడ ఈడు ఆడవాళ్ళందరికీ ఏదో ఒకటి అయింది. ఒకావిడకు కనుబొమల మధ్య నీలం వెలుగు కనిపించింది. ఇంకొకావిడకు ఎడమ చెవిలో గంట మోగింది. ఎదురింటి సీతమ్మగారైతే ధ్యానంలో ఉండగా పైకి లేచి, పైనుంచి తన ఒంటిని తానే చూసుకుని, జుట్టుకు రంగు వేయించుకోవాలని నిర్ణయించుకుని కిందికి దిగారు.

మా అత్తయ్య ఊపిరి బిగబట్టింది, వదిలింది. దీపం వంక రెప్పవేయకుండా చూసింది. పిరమిడ్ కింద కూర్చుంది. కళ్ళు తెరిచాక అందరూ చుట్టూ చేరి "ఏమైంది, ఏమైంది" అని అడిగితే, "ఏం కాలా, నడుం పట్టింది" అని చెప్పేది. అబద్ధం ఆవిడ నోట రాదు. దానివల్ల పెళ్ళిళ్ళలో వంటల గురించి ఆవిణ్ణి ఎవరూ అడగరు.

అలాంటి ఆవిడ ఫోనులో ఒక వీడియో చూసింది. అనకాపల్లి దగ్గర ఒక స్వామి ఉన్నారట. నుదుటి మీద వేలు పెడితే చాలు, మనిషి వెనక్కి పడిపోయి ఆనందంలో మునిగిపోతాడట. తీసుకెళ్ళమని మా ఆయన్ని అడిగింది. ఆయనకు సెలవు దొరకలేదు. నేను ఇంటర్ పిల్లలకు ఫిజిక్స్ చెబుతాను, పరీక్షలు అయిపోయి ఖాళీగా ఉన్నాను. ఇలాంటివేవీ నేను నమ్మనని ఆవిడకు తెలుసు. అయినా సంచీ సర్దుకుని నా గుమ్మం ముందు నిలబడింది.

అనకాపల్లిలో మొదటి ఇడ్లీ

స్టేషను బయటికి వచ్చి ఒక చిన్న హోటల్లో కూర్చున్నాం. సర్వరు వచ్చి "ఏటి?" అన్నాడు. అత్తయ్యకు అర్థం కాక "ఏందీ?" అంది. అతను మళ్ళీ "ఏటి?" అన్నాడు. ఆవిడ మళ్ళీ "అదే, ఏందీ?" అంది. ఇద్దరూ ఒకే ప్రశ్న ఒకరినొకరు అడుక్కుంటున్నారని నేను చెప్పేలోపల అతను రెండు ప్లేట్ల ఇడ్లీ తెచ్చి పెట్టాడు.

ఇడ్లీలు దూదిలా ఉన్నాయి. ప్లేటు ముప్పై రూపాయలు. పల్లీ చట్నీ వేలితో అద్ది నాలుక మీద వేసుకున్న అత్తయ్య ముఖం ముడుచుకుంది. మాకు ఇడ్లీ అంటే కారప్పొడి, దాని మీద నెయ్యి. చట్నీ తిన్నాక చెవులు వేడెక్కాలి.

"ఇందులో బెల్లం వేశారేంది?" అని అడిగింది.

"బెల్లం ఊరు కదమ్మా. కూసింత ఏత్తాం," అన్నాడు సర్వరు.

హోటలు ముందు ఆటోలో ఉన్న నూకరాజును రోజంతటికీ మాట్లాడుకున్నాం. నలభై ఏళ్ళుంటాయి. నెమ్మదైన మనిషి. రోడ్డెక్కాక ఏం పని మీద వచ్చారని అడిగాడు.

"సమాధి కోసం నాయనా," అంది అత్తయ్య.

"అయ్యో. ఎవురిదమ్మా?"

"నాదే."

నూకరాజు ఆటో పక్కకు తీసి ఆపాడు. వెనక్కి తిరిగి ఆవిణ్ణి చూడలేదు, నన్ను చూశాడు. సమాధి అంటే గోరీ కాదని, మనసు పొందే ఒక స్థితి అని చెప్పేసరికి నాకు తల ప్రాణం తోకకు వచ్చింది. అంతా విని, "అదా," అని ఊపిరి పీల్చుకుని మళ్ళీ స్టార్ట్ చేశాడు. "మావోళ్ళు సాయంత్రమైతే పాకలో కూకుని దానికే తాగుతారు మేడమ్. పొద్దున్నకి దిగిపోద్ది. అదే బాధ."

కశింకోట దాటాక, పడిపోవలసిన చోటు

చెరుకు తోటల మధ్య రేకుల షెడ్డు. లోపల వందల మంది. నాలుగు వరుసలు. స్వామి వయసులో చిన్నవాడు, చక్కగా నవ్వుతాడు. ఒక్కొక్కరి నుదుటి మీద బొటనవేలు పెట్టి కళ్ళు మూసుకుంటాడు. మనిషి ఊగి వెనక్కి వాలిపోతాడు. పడేవాళ్ళను పట్టుకోవడానికి కాషాయం చొక్కాల కార్యకర్తలు వెనకాల సిద్ధంగా ఉంటారు. పట్టి, చాప మీద పడుకోబెట్టి, కాళ్ళు సర్ది, తర్వాతి మనిషి దగ్గరికి వెళ్తారు. పడుకున్నవాళ్ళలో కొందరు నవ్వుతున్నారు. కొందరికి కళ్ళ నీళ్ళు కారుతున్నాయి. ఒకాయన నిజంగానే ఎక్కడికో వెళ్ళిపోయినట్టున్నాడు. ఆయన ముఖం చూస్తే నాకూ వేళాకోళం చేయాలనిపించలేదు.

అత్తయ్య వంతు వచ్చింది. కొంగు బిగించి నిలబడింది. స్వామి వేలు పెట్టాడు. ఆవిడ ఊగలేదు. ఆయన ఇంకాస్త నొక్కాడు. ఆవిడ కళ్ళు తెరిచి, "అయిందా?" అంది.

"మనసు వదిలెయ్యమ్మా," అన్నాడు స్వామి మెల్లగా.

"వదిలే ఉంచా నాయనా. నువ్వు నొక్కేది మెడ నరానికి తగులుతోంది."

వెనక కార్యకర్త చేతులు చాచి ఎదురుచూస్తున్నాడు. స్వామి మూడోసారి ప్రయత్నించాడు. కార్యకర్త ముందుకు వంగి ఆవిడ చెవిలో, "పడిపోండమ్మా, ఎనకాల లైనుంది," అన్నాడు.

"రాకుండా ఎట్టా పడేది?" అంది అత్తయ్య, అందరికీ వినబడేలా.

చాపల మీద పడుకున్నవాళ్ళలో ఒకరిద్దరు కళ్ళు తెరిచి చూసి మళ్ళీ మూసుకున్నారు. స్వామి మంచివాడే, కోపం తెచ్చుకోలేదు. ప్రసాదం ఇప్పించి పంపాడు.

బయటకు వచ్చాక అత్తయ్య ప్రసాదం కొంగున ముడివేసుకుంది. తర్వాత, "నాలో ఏదో తక్కువ ఉందే అమ్మాయ్," అంది. ఆ మాట నాకు గుచ్చుకుంది. అప్పటిదాకా ఈ ప్రయాణం నాకు సరదాగానే ఉంది.

శంకరం కొండ

సాయంత్రం శంకరం దగ్గర బొజ్జన్నకొండకు తీసుకెళ్ళాను. బౌద్ధ భిక్షువులు కొండను తొలిచి గదులు చేసుకున్న చోటు. వాళ్ళకు వచ్చిన చోట మీకు రాకపోతుందా అని నేనే ఆశ పెట్టాను. మెట్లు ఆగి ఆగి ఎక్కాం. గుహలో రాయి చల్లగా ఉంది. అత్తయ్య ఒక మూల పద్మాసనం వేయబోయి, కుదరక మామూలుగా బాసింపట్టు వేసుకుని కళ్ళు మూసుకుంది. నేను బయట గాలికి నిలబడి కింద పచ్చటి పొలాలు చూస్తున్నాను.

కాసేపటికి గుహలోంచి ఒక ధ్వని మొదలైంది. గురక. రాతిగోడలకు తగిలి తంబురా శ్రుతిలా వస్తోంది. అప్పుడే ఎక్కివచ్చిన ఒక కుటుంబం గుమ్మం దగ్గర ఆగిపోయింది. తండ్రి చెప్పులు విప్పాడు. తల్లి పిల్లల నోటికి అడ్డంగా చెయ్యి పెట్టింది. అందరూ వంగి దండం పెట్టి, అరటిపళ్ళు రెండు ఆవిడ ముందు ఉంచి, వెనక్కి వెనక్కి నడుస్తూ వెళ్ళిపోయారు. నేను ఏం చెప్పాలో ఆలోచించుకునేలోపల వాళ్ళు సగం మెట్లు దిగిపోయారు.

లేచాక అత్తయ్య పళ్ళు చూసింది. జరిగింది చెప్పాను.

"నిద్దరపోతోందని చెప్పొద్దా?" అని నన్ను కోప్పడింది. ఆ పళ్ళు ముట్టుకోలేదు. దిగేటప్పుడు ఒక మేకకు పెట్టింది.

తుమ్మపాల వైపు బెల్లం పెనం

మర్నాడు పొద్దున నూకరాజు తనకు తెలిసిన రైతు దగ్గర బెల్లం వండటం చూపిస్తానన్నాడు. గది అంత వెడల్పు పెనంలో చెరుకు రసం ఉడుకుతోంది. వాసన అర మైలు దూరం నుంచే వస్తుంది. పెనం దగ్గర ఒకాయన పెద్ద గరిటెతో కలుపుతూ నురుగునే చూస్తున్నాడు. అత్తయ్య నమస్కారం పెట్టింది. ఆయన చూడలేదు.

"పాకం మీదుంటే మా బావ పలకడమ్మా," అన్నాడు పక్కనున్న రైతు. "పెల్లాం పిలిసినా పలకడు."

"పలికితే పని సెప్తాది," అన్నాడు బావ, నురుగు మీదనుంచి చూపు తిప్పకుండానే.

వేడి బెల్లం చెరుకాకు మీద వేసి ఇచ్చారు. ఆగలేక నోట్లో వేసుకుని నాలుక కాల్చుకున్నాను. ఆ రోజంతా నాకు ఏ రుచీ తెలియలేదు. అత్తయ్య ఊదుకుని ఊదుకుని తిని, ఇది మాత్రం మా ఊళ్ళో దొరకదని ఒప్పుకుంది. రెండు దిమ్మలు కొనబోతుంటే నూకరాజు ఆపాడు.

"తిరిగొచ్చినప్పుడు కొందురు. ఇయాల మా అత్తోరి ఊర్లో అమ్మోరి పండగ. మా అత్త పోలమ్మ మీదకి ఏటా అమ్మోరు వత్తాది. లైనూ ఏటీ ఉండదు. వత్తారా?"

అత్తయ్య అప్పటికే ఆటో ఎక్కి కూర్చుంది.

పరవాడ దాటాక సముద్రం

పరవాడ దగ్గర కంపెనీ బస్సులు వరసగా మమ్మల్ని దాటిపోయాయి. కిటికీలకు తలలు ఆనించి, నోళ్ళు తెరుచుకుని నిద్రపోతున్న ఉద్యోగులను చూసి, "వీళ్ళకు వచ్చినట్టుందే," అంది అత్తయ్య. నైట్ డ్యూటీ దిగినవాళ్ళని నూకరాజు చెప్పాడు.

తర్వాత ఉప్పుగాలి మొదలైంది. పల్లెలో ఇళ్ళ ముందు వలలు, ఎండు చేపలు, మామిడాకుల తోరణాలు. పోలమ్మ అరుగు మీద కూర్చుని చుట్ట కాలుస్తోంది. నిప్పున్న కొస నోటి లోపల ఉంది. అత్తయ్య నిలువునా ఆగిపోయింది.

"నోరు కాలదా?"

"బయటెట్టుకుంటే గాలికి ఆరిపోద్దమ్మా," అంది పోలమ్మ, అది ప్రశ్నే కాదన్నట్టు.

చేపలు అమ్ముకుని ఇల్లు నడిపిన మనిషి. గొంతు వీధి చివరిదాకా వినిపిస్తుంది. మాకు చాప వేసి, వంజరం పులుసుతో అన్నం పెట్టింది. అత్తయ్య చేపలు తినదు కాబట్టి ఆవిడకు పెరుగూ ఊరగాయా. తింటూనే అత్తయ్య అసలు విషయం అడిగింది.

"అమ్మవారు వచ్చినప్పుడు ఎట్టా ఉంటుంది?"

"నాకేటి తెలుత్తాది? అప్పుడు నేనుండను కదా."

"ఏమీ తెలియదా? వెలుగు కనపడటం, అట్టాంటివి?"

"నేదమ్మా. డప్పులు ఇంటాను. ఆ తరవాత మొకం మీద నీల్లు కొడితే లెగుత్తాను. ఒల్లంతా నొప్పులు."

అత్తయ్య ముద్ద కలుపుతూ ఆగిపోయింది. ఇన్నాళ్ళూ తను కోరుకున్నది అలాంటిదని ఎవరూ చెప్పలేదు కాబోలు. "మనం లేనప్పుడు వస్తే మనకేంటే లాభం?" అని నన్ను అడిగింది.

డప్పుల ముందు

ఎండ తగ్గుతుండగా ఆడవాళ్ళు పసుపు రాసిన ఘటాలు తలకెత్తుకుని అమ్మవారి గుడి ముందుకు వచ్చారు. వేపమండలు, సాంబ్రాణి, నేల మీద పోసిన పసుపు నీళ్ళు. ఊరి పెద్దలకు ఒక పక్క ప్లాస్టిక్ కుర్చీలు వేశారు. డప్పుల వాళ్ళు ఎనిమిది మందో పది మందో, గుండ్రంగా నిలబడి మొదలుపెట్టారు. మా వైపు తిరునాళ్ళలోనూ డప్పులుంటాయి కానీ అవి నడుస్తూ పోయే డప్పులు. ఇవి ఒకే చోట నిలబడి, మెల్లగా మొదలై, వేగం పెంచుకుంటూ పోతాయి.

పోలమ్మ మధ్యలో కళ్ళు మూసుకుని నిలబడింది. అత్తయ్య ముందు వరసలో చోటు సంపాదించి, చేతులు జోడించి సిద్ధంగా ఉంది. ఆవిడ పక్కన నేను.

"ఇందులో ఏముంది అత్తయ్యా," అని ఆవిడ చెవి దగ్గర గట్టిగా చెప్పడం మొదలుపెట్టాను. "దీన్ని అనునాదం అంటారు. ప్రతి వస్తువుకూ ఒక సహజ పౌనఃపున్యం ఉంటుంది. బయటి కంపనం సరిగ్గా దానికి సమానమైతే, ఆ వస్తువు..."

ఆ వాక్యం నేను పూర్తి చేయలేదు.

నాకు గుర్తున్నది ఇంతే. డప్పు చెవిలోంచి వినిపించడం మానేసి, పొట్టలోంచి వినిపించసాగింది. కాళ్ళు వాటంతట అవి బరువు మార్చుకుంటున్నాయి. ఆపాలనుకున్నాను. ఆపే మనిషి ఎక్కడుందో వెతికితే దొరకలేదు. భయం వేయాలి కదా, వేయలేదు. చిన్నప్పుడు జ్వరంలో అమ్మ ఒళ్ళో పడుకున్నప్పుడు గదికి గోడలు లేనట్టు ఉండేది, అలా ఉంది. వేపాకు వాసన చాలా పెద్దదిగా అయింది. ఆ పైన ఏమీ లేదు.

మొహం మీద నీళ్ళు పడితే కళ్ళు తెరిచాను. జుట్టు విరబోసుకుని ఉంది. కళ్ళజోడు లేదు. నన్ను వెనకనుంచి నడుం చుట్టూ రెండు చేతులతో బిగించి పట్టుకుని అత్తయ్య నేల మీద కూర్చుని ఉంది. ఊరంతా నా వైపు చేతులు జోడించి నిలబడి ఉంది. కుర్చీల్లో పెద్దమనుషులు కూడా నిలబడే ఉన్నారు. వాళ్ళు చేతులు కట్టుకుని ఉండటం నాకు వింతగా తోచింది.

పోలమ్మ చెప్పిన సంగతి

మజ్జిగ తాగించి, అరుగు మీద కూర్చోబెట్టి, జరిగింది పోలమ్మే చెప్పింది.

నేను గెంతుకుంటూ మధ్యలోకి వెళ్ళానట. డప్పులకు మించి అరిచానట. ఆ తర్వాత కుర్చీల వైపు వేలు చూపించి, "వెనక బెంచీ, లేచి నిలబడండి" అన్నానట. అమ్మవారి ఆజ్ఞ కాబట్టి పెద్దలంతా లేచారు. "చేతులు కట్టుకోండి" అన్నాను. కట్టుకున్నారు. ఒకాయన దగ్గరికి వెళ్ళి, "నిన్న చెప్పింది ఈ రోజు చేసుకొచ్చావా?" అని నిలదీశాను. ఆయన బోరున ఏడ్చాడు.

"పోయినేడు మొక్కుకుని మేకపోతుని ఎయ్యనేదు ఆడు," అంది పోలమ్మ. "ఎవురికీ తెల్దు. ఊల్లో మొకం ఎరగని మనిసివి, నీకెలా తెలిసిందో అమ్మోరికే తెలవాల. ఇప్పుడే మేకపోతు కోసం ఎలిపోనాడు."

సిగ్గుతో నాకు తల ఎత్తబుద్ధి కాలేదు. అదంతా రోజూ క్లాసులో నేను అనే మాటలేనని చెబుదామనుకున్నాను. చెప్పలేకపోయాను. మాటలు నావే, నిజమే. కానీ వాటిని అన్నప్పుడు నేను లేను.

"మీకు రావలసింది నాకు వచ్చినట్టుంది," అన్నాను పోలమ్మతో.

"కొత్త మనిసి కదా, అమ్మోరు సూడ్డానికి ఎల్లుంటాది," అంది పోలమ్మ. కొంచెం చిన్నబుచ్చుకున్నట్టే ఉంది. కానీ మోకాలు తడుముకుని, "మంచిదేలే," అంది. "ఈ ఏడు నాకు నొప్పుల్లేవు. మా అత్త పోయిన కాణ్ణుంచి నన్ను పట్టుకునేవోల్లు నేరు. ఎక్కడపడితే అక్కడ పడిపోతన్నాను. మీ అత్త ఉడుం పట్టు పట్టిందమ్మా. నలుగురు మగోల్లొచ్చి మేం పట్టుకుంటామన్నా వదల్నేదు."

అత్తయ్య అరుగు చివర, మా ఇద్దరికీ దూరంగా, సముద్రం వైపు తిరిగి కూర్చుని ఉంది.

"నిజంగా అట్టా అన్నానా అత్తయ్యా? వెనక బెంచీ అని?"

"నాకేం తెలుసు," అంది ఆవిడ ముక్తసరిగా.

"పక్కనే ఉన్నారుగా, వినలేదా?"

"విన్లా."

కోపమొచ్చిందని అర్థమైంది. ఆవిడ చోట నేనున్నా కోపం రాకుండా ఉంటుందా? ఆవిడ ఊపిరి బిగబట్టి, దీపాలు చూసి, మెడ నొక్కించుకుని, ఇంత దూరం వస్తే, నమ్మని కోడలికి అడక్కుండానే దొరికింది. ఆటో ఎక్కాక కాసేపటికి ఆవిడే అంది.

"నువ్వు నమ్మనే నమ్మవు. నీకెట్టా వచ్చిందే?"

"తెలియదత్తయ్యా. మీకు ఇచ్చేయగలిగితే ఇచ్చేద్దును."

ఆవిడ పెదవి విరిచి బయటకు చూసింది.

పరవాడ దగ్గర నూకరాజు డీజిల్ కోసం ఆపాడు. దిగి వెనక్కి వచ్చి, "అమ్మగారూ, మీ కాలు సూసుకోండి," అన్నాడు. ఆటోలో రబ్బరు పట్టా ఎర్రగా తడిసి ఉంది. అత్తయ్య కుడి కాలి బొటనవేలికి గోరు లేదు.

అనకాపల్లిలో ఆఖరి మజిలీ

బజారు పక్క సందులో ఒక చిన్న ఆస్పత్రి. డాక్టరు కుర్రవాడు, వేలు తుడిచి చూశాడు.

"గోరు మొత్తం ఊడిపోయిందమ్మా. ఎవరో గట్టిగా తొక్కారు. ఎప్పుడు జరిగింది?"

తొక్కింది నా మడమేనని అప్పుడు నాకు తట్టింది. నోరు తెరిచేలోపల అత్తయ్యే, "తెలియదు నాయనా," అంది.

"తెలియకపోవడం ఏమిటి? మామూలు నొప్పి కాదు ఇది. అరుస్తారు ఎవరైనా."

"నాకు తెలియలా."

"డప్పులు మోగుతున్నప్పుడా?"

"డప్పులా?" అంది అత్తయ్య. నుదురు ముడిచి ఆలోచించింది. "మొదట్లో విన్నా. దీని నడుం పట్టుకున్నా. ఆ తర్వాత..." అని ఆగిపోయింది.

డాక్టరు దూది పక్కన పెట్టి ఎదురుచూశాడు. అత్తయ్య నా వైపు తిరిగింది. ఆవిడ ముఖం మెల్లమెల్లగా విచ్చుకుంటోంది. అరుగు మీద ఆవిడ అన్న "విన్లా" కోపం కాదని, నిజమేనని నాకు అప్పుడు అర్థమైంది. అబద్ధమాడదని తెలిసీ నమ్మలేదు నేను.

"ఆ తర్వాత నాకేం తెలియదే అమ్మాయ్," అంది నెమ్మదిగా. "నీళ్ళు కొట్టేదాకా ఏం లేదు. నువ్వొక్కదానివే ఉన్నావు. నేను కూడా లేను."

డాక్టరుకు ఇదేమీ పట్టలేదు. సూది తీశాడు. సూదికి మాత్రం ఆవిడ ఆస్పత్రి దద్దరిల్లేలా అరిచింది.

కట్టు కట్టించుకుని, మందుల కోసం బయట బల్ల మీద కూర్చున్నాం. పక్కన జ్వరంతో ఉన్న మొగుణ్ణి తీసుకొచ్చిన ఒకావిడ కట్టు చూసి, "కాలికేటైనాదమ్మా?" అని అడిగింది.

అత్తయ్య సర్దుకుని కూర్చుంది. పొద్దున బెల్లం పెనం దగ్గరనుంచి మొదలుపెట్టింది. సముద్రం, చుట్ట, ఘటాలు, డప్పులు. చేతులు తిప్పుతూ, నా నడుం ఎలా పట్టుకుందో చూపించడానికి ఆ అడిగినావిడ నడుమే పట్టుకుంది. జ్వరం మనిషి కూడా లేచి కూర్చుని వినసాగాడు. మందుల కిటికీ దగ్గరనుంచి "రాజ్యలక్ష్మి గారు" అని పిలిచారు. మళ్ళీ పిలిచారు. కిటికీలోంచి తల బయటపెట్టి మూడోసారి గట్టిగా పిలిచారు.

ఆవిడకు వినిపించలేదు. నేను ఆవిణ్ణి కదపకుండా లేచి వెళ్ళి మందులు తెచ్చుకున్నాను.